ట్రాక్‌కి వెళ్ళే కారుకి ఆయిల్: వేడి కొలవకుండా డబ్బా కొనొద్దు

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ బయట టీ బండి దగ్గర మొన్న ఒక నెల్లూరు కుర్రాడు కలిశాడు. కొత్తగా ట్రాక్ డేలకి, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడిపే రోజులకి, రావడం మొదలుపెట్టాడు. డిక్కీ తెరిచి 10డబ్ల్యూ-60 అనే బాగా చిక్కటి ఆయిల్ డబ్బా చూపించి, "అన్నా, షాపులో ఇదే అసలైన రేసింగ్ ఆయిల్ అన్నారు, మన బండికి పోయొచ్చా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళం తలా ఒక మాట చెప్పాం. ఒకరు ఫ్రెంచ్ బ్రాండు పేరు చెప్తే, ఇంకొకరు జర్మన్ బ్రాండు అన్నారు. కంపెనీ సర్వీసులో పోసేదే చాలని మరొకరి వాదన. అంత చర్చ జరిగినా "నీ ఇంజిన్‌లో ఆయిల్ ఎంత వేడెక్కుతోంది తమ్ముడూ?" అని ఎవరూ అడగలేదు. నేనడిగితే, "మీటర్లో సూది మధ్యలోనే ఉంటుందన్నా" అన్నాడు.

ఆ సూది చెప్పేది రేడియేటర్ నీళ్ళ సంగతి, ఆయిల్ సంగతి కాదు. నీళ్ళ వేడిని థర్మోస్టాట్, ఫ్యాను కలిసి 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతాయి. పైగా నీళ్ళు కొంచెం అటూ ఇటూ అయినా సూది కదలకుండా ఉండేలా చాలా కార్లలో ముందే సర్ది పెడతారు. నా హోండా సిటీలో అయితే ఆ సూది కూడా లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరీ కాగిపోతే ఎర్ర దీపం, అంతే. నీళ్ళు 95 డిగ్రీల దగ్గర ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆయిల్ 130 దాటిపోవచ్చు. ట్రాక్ మీద ఇంజిన్లు పాడయ్యేది చాలాసార్లు ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే.

అందుకే ఈ విషయం మీద నా అభిప్రాయం వివరంగా రాద్దామనిపించింది. రోడ్డు మీదా ట్రాక్ మీదా తిరిగే మామూలు కారుకి ఆయిల్ ఎంచుకోవాల్సింది బ్రాండును బట్టి కాదు, ధరను బట్టీ కాదు, అది చేరే వేడిని బట్టి. ఖరీదైన రేసింగ్ ఆయిల్ మీద పెట్టే డబ్బుని ముందు ఒక ఆయిల్ టెంపరేచర్ గేజు మీద పెట్టాలి. ఆ తర్వాత మంచి రోడ్డు ఆయిల్‌ని తరచుగా మార్చడం మీద, ఒరిజినల్ ఫిల్టర్ల మీద పెట్టాలి.

గేజు పెట్టడం పెద్ద పనేం కాదు. ఆయిల్ ఫిల్టర్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య శాండ్‌విచ్ ప్లేట్ అనే చిన్న అల్యూమినియం దిమ్మ కూర్చుంటుంది. దానికి సెన్సర్ బిగించి, వైరు లోపలికి లాగి మీటరు పెడితే చాలు. హోండా ఫిల్టర్ మర ఎం20, 1.5 పిచ్. ప్లేట్ కొనేటప్పుడు ఆ కొలతకి సరిపోయిందో లేదో చూసుకోవాలి.

వేడిలో అంకెలు మారిపోతాయి

డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని ఉంటే చివరి అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని చెబుతుంది. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్‌ఏఈ సంస్థ లెక్క ప్రకారం 20 గ్రేడు అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్; అంకె పెరిగితే చిక్కన) లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. కానీ ట్రాక్ మీద ఆయిల్ 100 దగ్గర ఆగదు.

సాధారణమైన 5డబ్ల్యూ-40 ఒకటి తీసుకుందాం. 40 డిగ్రీల దగ్గర 80, 100 దగ్గర 13.5 సెంటీస్టోక్స్ అనుకుందాం. 130 డిగ్రీల దగ్గర అది ఎంతవుతుందో లెక్క కడితే 7.7 వస్తుంది. అంటే 130కి చేరిన 40 గ్రేడు ఆయిల్, 100 దగ్గరున్న 20 గ్రేడు ఆయిల్ అంత పల్చబడుతుంది. ఆ 20 గ్రేడునే 130కి తీసుకెళ్తే 5 కంటే కిందికి దిగుతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య లోహాన్ని లోహం తాకకుండా ఆపేది ఆ పల్చటి పొర ఒక్కటే.

నా సిటీకి సర్వీసులో పోసేది 0డబ్ల్యూ-20. మధ్యాహ్నం సెషన్‌లో, చెన్నై ఎండలో, కొన్ని ల్యాపులు గట్టిగా నడిపితే గేజు 120 దాటి 130 వైపు వెళ్తుంది. టర్బో లేని 1.5 లీటర్ల ఇంజినే ఇలా వేడెక్కితే టర్బో ఉన్నవాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇంజిన్‌ని తయారుచేసినవాళ్ళు 100 డిగ్రీల దగ్గర 8 సెంటీస్టోక్స్ ఉండే ఆయిల్‌ని మనసులో పెట్టుకుని దాన్ని డిజైన్ చేశారు. 130 దగ్గర కూడా అదే 8 కావాలంటే 40 గ్రేడు పోయాలి. నా దృష్టిలో ఆయిల్ ఎంపికంతా ఈ లెక్కే. అదే కారు 110 దాటకపోతే 30 గ్రేడు సరిపోతుంది. కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే లాంటి రెండు కిలోమీటర్ల చిన్న ట్రాక్ మీద, చల్లటి పొద్దుపూట కాసేపు నడిపి దిగేవాళ్ళకి అసలు ఏమీ మార్చక్కర్లేకపోవచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది.

మరి కంపెనీ పల్చటి ఆయిల్ ఎందుకు పోయమంటుంది?

ఇది న్యాయమైన ప్రశ్న. నా స్నేహితుడొకడు ఇంజిన్ల డిజైన్‌లోనే పనిచేస్తాడు. వాడి వాదన ఇది: "వేల గంటలు టెస్ట్ బెడ్ మీద నడిపి 0డబ్ల్యూ-20 అని రాశాం. నువ్వు ఒక గేజు పెట్టుకుని దాన్ని మార్చేస్తానంటే ఎలా?"

ఆ మాటని నేను కొట్టిపారేయను. ఆ ఇంజిన్ రోడ్డు మీద 20 గ్రేడుతో లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ పల్చటి ఆయిల్ వెనక ఇంకో కారణం కూడా ఉంది, అది మైలేజీ. మన దేశంలో కార్ల కంపెనీలకి కేఫ్ నిబంధనలు, అంటే అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకం మీద పరిమితులు, 2017లో వచ్చాయి. కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 130 గ్రాములు దాటకూడదన్నారు, 2022 నుంచి దాన్ని 113కి దించారు. ఆయిల్ పల్చబడితే రాపిడి తగ్గుతుంది, మైలేజీ కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం లక్షల కార్ల మీద చాలా ఎక్కువ. ఇందులో మోసం ఏమీ లేదు. ఆఫీసుకి, ఊరికి తిరిగే కారుకి అది సరైన నిర్ణయమే. ఆర్‌పీఎం మీటర్లో ఎర్ర గీత దగ్గర అరగంట నడిపేవాడి కోసం తీసుకున్న నిర్ణయం మాత్రం కాదు.

ఈ తేడాని కంపెనీలే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో 5.0 లీటర్ల వీ8కి 5డబ్ల్యూ-20 చెప్పారు. అదే ఇంజిన్ కుటుంబంతో 2012లో ట్రాక్ కోసం చేసిన బాస్ 302కి 5డబ్ల్యూ-50 చెప్పారు. షెవర్లే కార్వెట్ సీ7లో డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజిన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు) ఉన్న కార్లకి మామూలుగా 5డబ్ల్యూ-30 పోసేవారు, ట్రాక్ మీదకి వెళ్ళేముందు దాన్ని తీసేసి 15డబ్ల్యూ-50 పోయమని మాన్యువల్‌లోనే రాశారు. తర్వాత 2019 మోడల్ నుంచి రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి 0డబ్ల్యూ-40 ఒక్కటే చేశారు. టొయోటా మాన్యువల్స్ చాలావాటిలో, కారుని ఎక్కువ వేగంలో, విపరీతమైన లోడుతో నడిపితే చిక్కటి ఆయిల్ నయం కావచ్చని ఒక వాక్యం ఉంటుంది. ఎవరూ చదవని పేజీలో ఉంటుంది కానీ, ఉంటుంది.

వారంటీలో ఉన్న కారు సంగతి వేరు. మాన్యువల్‌లో లేని గ్రేడు పోసి ఇంజిన్ పోతే కంపెనీతో వాదించడం కష్టం. అసలు ట్రాక్ మీద నడిపారని తెలిస్తేనే వారంటీకి అడ్డం తగలొచ్చు, అది ఆయిల్‌తో తీరే సమస్య కాదు. అలాంటివాళ్ళు మాన్యువల్‌లో అనుమతించిన గ్రేడుల్లో అన్నిటికంటే చిక్కటిది ఎంచుకుని, వేడి 120 దాటకుండా ల్యాపులు తగ్గించుకోవడమే మంచిది.

చిక్కగా పోసేస్తే పోలేదా?

నెల్లూరు తమ్ముడి చేతిలో ఉన్న 10డబ్ల్యూ-60 చెడ్డ ఆయిలేమీ కాదు. ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3 లాంటి ఇంజిన్లకి కంపెనీయే అది పోయమంది. కానీ అది ఆ ఇంజిన్ల కోసం. 20 గ్రేడు కోసం కట్టిన చిన్న ఇంజిన్‌లో దాన్ని పోస్తే 130 డిగ్రీల దగ్గర కూడా దాదాపు 13 సెంటీస్టోక్స్ ఉంటుంది. పొద్దున్నే ఇంటి దగ్గర్నుంచి హైవే ఎక్కి 90 డిగ్రీల్లో వెళ్తున్నప్పుడైతే ఆ ఇంజిన్ ఊహించిన దానికి మూడింతలు.

చిక్కటి ఆయిల్ ఊరికే కూర్చోదు. బేరింగులో తిరిగేటప్పుడు దాని రాపిడికి అదే వేడి పుట్టిస్తుంది. బేరింగు గుండా పారే ఆయిల్ తగ్గుతుంది. అక్కణ్ణుంచి వేడిని మోసుకుపోయేది ఆ పారకమే. ప్రెషర్ పెరిగి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటే పంపు తోసిన ఆయిల్‌లో కొంత తిరిగి సంపులోకే, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకే, పోతుంది. మీటర్లో ప్రెషర్ ఘనంగా కనిపిస్తుంది, బేరింగుకి అందేది మాత్రం తక్కువ. హోండా ఐ-వీటెక్ లాంటి ఇంజిన్లలో వాల్వుల్ని తెరిచే రాకర్లని కలిపే పిన్నుని కదిపేది కూడా ఆయిల్ ప్రెషరే, ఆ దారిలో సన్నటి జల్లెడ ఉంటుంది. చల్లటి చిక్కటి ఆయిల్‌తో దాన్ని ఇబ్బంది పెట్టడం తెలివైన పని కాదు. ఈ విషయంలో నా ఇంజినీరు స్నేహితుడిదే పైచేయి, నేను ఒప్పుకుంటాను. వేడికి తగినంత చిక్కదనం కావాలి, అంతకంటే ఎక్కువ వద్దు.

ఇంకో సంగతి. గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగినంత వేగంగా నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే కొలత ఒకటుంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. దీని లెక్క సెంటీస్టోక్స్‌లో కాదు, వేరే. 20 గ్రేడుకి కనీసం 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. ఇవి కనీసాలు మాత్రమే. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది, ఒకదాని మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఇచ్చే ప్రమాణాల్లో ఏ5/బీ5 అని, ఇంకోదాని మీద సీ3 అని ఉంటుంది. మొదటిది 2.9 నుంచి 3.5 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, రెండోది 3.5కి తగ్గకూడదు. ట్రాక్‌కి వెళ్ళే కారుకి ఈ తేడా బ్రాండు తేడా కంటే చాలా పెద్దది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏ3/బీ4 అనో సీ3 అనో ఉందా అని చూడండి. ముందు వైపు బొమ్మలో ఉన్న రేసు కారుకి ఆ అక్షరాలంత విలువ లేదు.

మొదటి అంకె గురించి మన దగ్గర అనవసరమైన టెన్షన్ ఎక్కువ. 0డబ్ల్యూని స్టార్టింగు కోసం పరీక్షించేది మైనస్ 35 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర. ఆదిలాబాద్ చలికాలం కూడా ఆ దరిదాపులకి రాదు. రెండు అంకెల మధ్య దూరం తక్కువైతే చిక్కదనం కోసం కలిపే పాలిమర్ తక్కువ అవసరమవుతుంది, గేర్లూ బేరింగులూ ఆ పాలిమర్‌ని నలిపి ఆయిల్‌ని పల్చన చేసే ప్రమాదమూ తగ్గుతుంది. కాబట్టి మన ఎండలకి మంచి 10డబ్ల్యూ-40 తక్కువదేం కాదు.

రేసింగ్ ఆయిల్ ఎవరికి

ఒకప్పుడు షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు చూసిన పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఇప్పటి ట్రాక్ 1990లో రాకముందు మద్రాసు రేసులంటే అవే. ఆ రోజుల్లో రేసు ఇంజిన్లలో ఆముదంతో చేసిన ఆయిల్ వాసన దూరం నుంచే తెలిసేదని ఆయన ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. ఆముదం లోహాన్ని అంటిపెట్టుకునే తీరు అంత గొప్పది. మన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండే ఆ ఆముదమే ప్రపంచ రేసింగులో ఏళ్ళ తరబడి రాజ్యమేలింది. కానీ అది త్వరగా గడ్డకట్టి బంకలా తయారవుతుంది, రేసు అవగానే తీసేయాల్సిందే.

ఇప్పటి రేసింగ్ ఆయిల్ కెమిస్ట్రీ వేరు, దాని ఉద్దేశం మాత్రం అదే. చాలావాటి డబ్బా మీద ఏపీఐ (రోడ్డు ఆయిళ్ళకి ప్రమాణాలు పెట్టే అమెరికన్ సంస్థ) గుర్తు ఉండదు, ఎందుకంటే అవి ఆ పరీక్షల కోసం చేసినవి కావు. రోడ్డు ఆయిల్‌లో మసినీ ఆమ్లాలనీ తట్టుకోవడానికి, ఇంజిన్ లోపల శుభ్రంగా ఉంచడానికి బోలెడు డిటర్జెంట్ ఉంటుంది. ఒక్క వారాంతం నడిచి బయటికి పోయే ఆయిల్‌కి అది అంత అవసరం లేదు. మన కార్లు అలా నడవవు. నేను హైదరాబాద్‌లో బయల్దేరి నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా చెన్నై చేరి, ట్రాక్ మీద నడిపి, మళ్ళీ అదే కారులో ఇంటికొస్తాను. సోమవారం అదే ఆయిల్‌తో ట్రాఫిక్‌లో నిలబడతాను. అలాంటి బతుకు బతికే ఇంజిన్‌కి ఏ3/బీ4, ఏపీఐ ఎస్‌పీ ఉన్న మంచి 5డబ్ల్యూ-40 కావాలి. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న కారైతే ఎస్‌పీ లేదా దానికంటే కొత్త గుర్తు తప్పకుండా చూడాలి. తక్కువ ఆర్‌పీఎంలో గ్యాస్ తొక్కితే పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్ పగిలే సమస్యకి ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్ పాత్ర ఉందని తేలాక, దాన్ని పరీక్షించే ప్రమాణం అది.

హైదరాబాద్‌లోనే అలాంటి పెద్ద ట్రాక్ ఉంటే ఈ లెక్క కొంత మారేదేమో. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన రేసు జరిగింది నిజమే, కానీ అవి కరెంటు కార్లు, అది రోడ్డు మీద వేసిన తాత్కాలిక ట్రాక్. మనకి చెన్నై, కోయంబత్తూరే గతి.

లెవెల్ గురించి ఒక్క మాట. ట్రాక్ మీదకి వెళ్ళేముందు డిప్‌స్టిక్ మీద పై గీత దాకా ఆయిల్ ఉండాలి. కింది గీతకీ పై గీతకీ మధ్య ఉన్నా రోడ్డు మీద ఫర్వాలేదు. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో పది, పదకొండు మలుపుల్లాంటి పొడవాటి కుడి మలుపులో మాత్రం ఆయిలంతా సంపులో ఎడమ గోడకి ఎక్కేస్తుంది. పంపు నోటికి గాలి అందితే, ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ రెండు సెకన్లు బేరింగు ఎండిపోతుంది. అలాగని గీత దాటించి పోస్తే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

ఫిల్టర్‌ని కోసి చూడండి

ఆయిల్ గురించి ఇంత మాట్లాడుకునేవాళ్ళం ఫిల్టర్ గురించి "ఏదో ఒకటి వెయ్యి భాయ్" అనేస్తాం. మా మెకానిక్ భాయ్ దగ్గర నేర్చుకున్న మంచి అలవాటు ఒకటుంది. తీసిన ఫిల్టర్‌ని పారేయరు, కోస్తారు. యాక్సా బ్లేడుతో కాదు, దాంతో కోస్తే రజను లోపల పడి ఏది ఇంజిన్‌దో ఏది బ్లేడుదో తెలియదు. పైపు కోసే కట్టర్ లాంటి పరికరంతో మూత చుట్టూ తిప్పుతారు. లోపలి కాగితాన్ని బ్లేడుతో విడదీసి, ఆయిల్ పిండేసి, మడతలు విప్పి పాత పేపరు మీద పరుస్తారు. టార్చి పట్టుకుని మడత మడతా చూస్తారు, తర్వాత అయస్కాంతం తిప్పుతారు. అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి నూగు అంటితే మామూలే. అంటకుండా తళుక్కుమనే రేకులు కనబడితే, అవి వెండి రంగువైనా రాగి రంగువైనా, అక్కడితో ట్రాక్ ఆపి బేరింగులు చూడాలి. ఇంజిన్ ఆరోగ్యం గురించి ఇంత చవగ్గా ఇంత నిజం చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

ఒకసారి భాయ్ రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి కోశారు. ఒకటి కంపెనీ కౌంటర్లో కొన్నది. రెండోది ఒక కస్టమరు బజార్లో చవగ్గా వస్తే తెచ్చుకున్నది, అట్టపెట్టె మాత్రం అచ్చం అదే. రెండోదాంట్లో మడతలు తక్కువ, కాగితం చివర్లు జిగురు ఊడి లేచి ఉన్నాయి, బైపాస్ వాల్వు స్ప్రింగు ఉండాల్సిన చోట ఉత్త రేకు. "దేఖో సాబ్, డబ్బా ఒరిజినలే" అన్నారాయన.

ఆ స్ప్రింగు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, లేదా కాగితం మురికితో మూసుకుపోయినప్పుడు, ఇంజిన్‌కి ఆయిల్ ఆగకుండా బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపిస్తుంది. మురికి ఆయిల్ అందడం, అసలు అందకపోవడం కంటే నయం కదా. కానీ అది ఎంత ప్రెషర్ దగ్గర తెరుచుకోవాలో ఒక్కో ఇంజిన్‌కీ ఒక్కోలా ఉంటుంది. మర సరిపోయింది కదా అని వేరే కారు ఫిల్టర్ బిగిస్తే ఈ లెక్క తప్పుతుంది. ఇంజిన్ చల్లగా ఉండగానే రేసు చేయొద్దనడానికి ఇదీ ఒక కారణం. అప్పుడు వాల్వు తెరుచుకుని ఉండొచ్చు.

రేసింగ్ ఫిల్టర్ పేరుతో అమ్మేవాటి మీద నాకు నమ్మకం తక్కువ. వాటిలో కొన్ని ఆయిల్ వేగంగా పారడం కోసం వడపోతని వదులుకుంటాయి. ప్రతి సీజన్‌కీ ఇంజిన్ విప్పి కట్టేవాళ్ళకి అది చెల్లుతుంది. బేరింగులోని ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే ఉంటుంది, తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర. విప్పకుండా లక్ష కిలోమీటర్లు నడవాల్సిన మన ఇంజిన్‌కి వడపోతే ప్రాణం. ఒరిజినల్ ఫిల్టర్, బిల్లుతో, కంపెనీ కౌంటర్లో కొన్నది. అంతకుమించి వెతకను. బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ప్రెషర్‌కి ఊడి, ఆయిలంతా ట్రాక్ మీద పడుతుంది. వెనకొచ్చేవాడి ప్రాణం మీదకి వస్తుంది.

గాలి ఫిల్టర్ విషయంలో నేను ఇంకా మొండివాణ్ణి. ఆయిల్ పూసిన కాటన్ ఫిల్టర్ వేస్తే శబ్దం బాగుంటుంది, ఆ శబ్దం నాకూ ఇష్టమే. కానీ దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా వెళ్ళేవాళ్ళకి ఆ రోడ్డు దుమ్ము ఎలా ఉంటుందో తెలుసు. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపు బట్టీలు, ఇసుక లారీలు. ఇసుకలోని సిలికా సిలిండర్ గోడల్ని గీరేస్తుంది. కాగితం ఫిల్టర్ దాన్ని బాగా ఆపుతుంది, కాటన్‌ది సాధారణంగా అంత ఆపదు. పైగా ఆయిల్ ఎక్కువ పూస్తే అది గాలి కొలిచే సెన్సర్ మీద పేరుకుంటుంది. స్టాక్ ఇంజిన్‌కి అది తెచ్చే పవర్ స్టాప్‌వాచ్‌లో కనిపించేంత ఉండదు. కొత్త కాగితం ఫిల్టర్ ధర చాలా తక్కువ, సీజన్ ముందు ఒకటి మార్చేస్తే పని అయిపోతుంది.

ఎప్పుడు మార్చాలి, పాతది ఏం చేయాలి

వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క ఉంది. 100 దగ్గర నడిచే ఆయిల్ కంటే 130 దగ్గర నడిచేది ఎనిమిది రెట్లు వేగంగా ముసలిదవుతుందన్నమాట. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్ గోడ మీంచి పెట్రోలు కారి ఆయిల్‌లో కలిసి దాన్ని ఇంకా పల్చన చేస్తుంది. ఏ బ్రాండూ దీన్ని ఆపలేదు. కాబట్టి పదివేల కిలోమీటర్ల సర్వీసు లెక్క ట్రాక్ కారుకి వర్తించదు. నేను ట్రాక్ నుంచి వచ్చాక, మళ్ళీ గట్టిగా నడపబోయే ముందు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేస్తాను. నా కారులో పట్టేది నాలుగు లీటర్ల లోపే. లీటరు రెండు వేలు పెట్టి కొన్న రేసింగ్ ఆయిల్‌ని పొదుపుగా ఏడాదంతా ఉంచుకోవడం కంటే, అందులో సగం ధర ఆయిల్‌ని రెండుసార్లు మార్చడం ఇంజిన్‌కి ఎంతో మేలు.

వేడి ఇంకా ఇబ్బంది పెడితే ఆయిల్ కూలర్ పెట్టాలి, గ్రేడు ఇంకా పెంచకూడదు. కూలర్‌కి థర్మోస్టాట్ ఉన్న ప్లేటే కొనాలి. లేకపోతే ఇంటికొచ్చే దారిలో ఆయిల్ అసలు వేడెక్కదు, లోపల చేరిన తేమా పెట్రోలూ ఆవిరవ్వవు. కూలర్ పెట్టేదాకా నా పద్ధతి ఒకటే. గేజు 130 తాకగానే గ్యాస్ వదిలేసి, ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి పిట్‌లోకి వచ్చేస్తాను. ఎంత మంచి ల్యాపు పడుతున్నా సరే.

తరచుగా మార్చమనడానికి వ్యతిరేకంగా నన్ను నిజంగా ఆలోచింపజేసిన మాట ఒక్కటే ఉంది. మా ఆవిడ అడిగింది: "ఇన్నిసార్లు తీసిన ఆ నల్ల ఆయిలంతా ఎక్కడికి పోతోంది?" చాలా గ్యారేజీల్లో అది లూజుగా అమ్ముడుపోయి ఏ బట్టీలోనో కాలుతుంది, లేదా వెనక మోరీలో కలుస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి వాడేసిన ఆయిల్‌ని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతని ఆయిల్ ఉత్పత్తిదారుల మీద పెడుతూ కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి వల్ల ఇప్పుడు రిజిస్టరైన రీసైక్లర్లకి ఇవ్వడం కొంచెం తేలికైంది. మేం కొందరం కలిసి పాత ఆయిల్‌ని మళ్ళీ అవే డబ్బాల్లో పోసి, మూత బిగించి, భాయ్ గ్యారేజీలో ఒక మూల పెట్టుకుంటున్నాం. డ్రమ్ము నిండేంత అయ్యాక రీసైక్లర్ బండి వచ్చి తీసుకెళ్తుంది. ఖమ్మం, ఒంగోలు, విజయవాడ వైపు అలా తీసుకెళ్ళేవాళ్ళు మీకు తెలిస్తే కింద రాయండి. ఆ ఊళ్ళ నుంచి ట్రాక్‌కి వచ్చేవాళ్ళు నన్ను అడుగుతూనే ఉన్నారు.